తుఫాను ఏడాది నాలుగు వరుసలు

గిద్యోనుకు ఒళ్ళు మండిపోతోంది. తను చదివే బైబిలు కాలేజీకి కొత్తగా వచ్చిన మాస్టారు ఆ పొద్దున క్లాసులో ఎంత మాటన్నాడు! దావీదు రాజు ఊరియా భార్యను తెచ్చుకున్న పాపం సమూయేలు గ్రంథంలో పూసగుచ్చినట్టు ఉందట. అదే దావీదు కథను దినవృత్తాంతాల గ్రంథంలో మళ్ళీ చెప్పినవాడు ఆ సంగతి ఎత్తనే లేదట. తెలిసే వదిలేశాడట. రాసినవాడొకడు, దిద్దినవాడు ఇంకొకడట!

"దైవజనుడు కావాలని వదిలేస్తాడా? వీడి నోరు పడ!" అనుకుంటూ, ఆ మాస్టార్ని తీసెయ్యమని అర్జీ రాసుకుని, సాయంత్రానికల్లా గుడిలో ఉన్న పరంజ్యోతి అయ్యగారి దగ్గరికి పరుగెత్తాడు. ఎనభై ఏళ్ళ పాస్టరుగారాయన. గిద్యోనుకు అక్షరాలు దిద్దించిందీ, వాక్యం నేర్పిందీ ఆయనే. ఆయన సంతకం పడిందంటే ఆ మాస్టారి ఉద్యోగం ఊడినట్టే.

"పెడతాన్లే. ముందు మన గుడి చరిత్ర తీసుకురా. ఎంతవరకు ఎత్తి రాశావో చూద్దాం" అన్నారు అయ్యగారు.

పాత పుస్తకానికి చెదలు పట్టడంతో గిద్యోను నెల రోజులుగా దాన్ని కొత్త పుస్తకంలోకి ఎత్తి రాస్తున్నాడు.

"తుఫాను ఏడాది చదువు."

చదివాడు. గుడి పెంకులు లేచిపోవడం, గంట కూలిపోవడం, అయ్యగారు మోకాళ్ళూని ప్రార్థించడం.

"అంతేనా?"

"అంతే అయ్యగారూ."

ఆయన పాత పుస్తకం తెరిచి ఒకచోట వేలు పెట్టారు. ఆయన చేతిరాతే. నీళ్ళు ముంచుకొస్తుంటే సముద్రపు ఒడ్డు జాలరివాళ్ళు వచ్చి గుడి తలుపులు బాదారనీ, మన సంఘంవాళ్ళు కాదని పాస్టరు పరంజ్యోతి తలుపు తియ్యలేదనీ, ఇద్దరు పిల్లలు కొట్టుకుపోయారనీ నాలుగు వరుసలు.

"కొత్త పుస్తకంలో ఇవేవిరా?"

గిద్యోను తల దించుకున్నాడు. "మీకు మచ్చ కదా అయ్యగారూ. మీరంటే గౌరవం కొద్దీ..."

"గౌరవమా! ఆ తల్లులు ఇంకా బతికే ఉన్నారు, తెలుసా?" ముసలాయన గొంతు గుడంతా మోగింది. ఆయన్ని అంత కోపంగా గిద్యోను ఎన్నడూ చూళ్ళేదు. "వాళ్ళ పిల్లల్ని రెండోసారి ముంచావు కదరా!"

పెన్ను తీసుకుని, ఆ నాలుగు వరుసలూ కొత్త పుస్తకంలో తనే రాశారు. కింద తన పేరు పెట్టారు. సిరా ఆరేదాకా ఆగారు.

తర్వాత పెన్ను మూత పెట్టకుండానే చెయ్యి చాపారు.

"ఏదీ, ఆ అర్జీ ఇటివ్వు. సంతకం పెడతాను."

గిద్యోను ఇవ్వలేకపోయాడు.