దివాను బొంతముక్క

నరహరి అవధానిగారిని ఎవరు ఏ ప్రశ్న అడిగినా జవాబు వెంటనే రాదు. ముందు ఒక పని చెబుతారు. మోక్షం గురించి అడిగిన పెద్దమనిషి ఒకాయన్ని వారం రోజులు పెరట్లో వంగమొక్కలకు నీళ్లు పోయమన్నారు. ఎనిమిదో రోజున ఆయన మోక్షం మాట మరిచిపోయి, మొక్కలకు తెగులెందుకొచ్చిందని అడిగాడు. వంశధార ఒడ్డున ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో ఈ సంగతి తెలియనివారు లేరు. తెలిసి కూడా కూర్మనాథం అడిగాడు.

కూర్మనాథం ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా పనిచేసి, రిటైరై, భార్య పోయాక ఆశ్రమానికి చేరిన మనిషి. వచ్చి ఆరు నెలలైంది. వేళకు లేవడంలోనూ, చెప్పులు వరసగా విడవడంలోనూ ఆయన తరవాతే ఎవరైనా. పొద్దున్నా సాయంత్రమూ సహస్రనామం చదివేవాడు. ఆటస్థలం అవతలి చివర నిలబడ్డవాడికి కూడా వినబడాలన్నట్టుండేది ఆ చదవడం. ఆశ్రమంలో ఆయనకు గిట్టనిదల్లా దివాను ఒక్కటే.

దివాను ఆశ్రమం కుక్క. నల్లగా, ఏపుగా ఉంటుంది. నక్కను గుమ్మం దరిదాపులకు రానివ్వదు. అంతటి కుక్క, రోజుకు రెండు మూడుసార్లు ఓ చిరుగుల బొంతముక్కను నోట కరుచుకొచ్చి, ముందుకాళ్లతో పిండి పిసికినట్టు పిసుకుతూ, కళ్లు మూసుకుని దాని కొస చప్పరించేది. ప్రవచనం మధ్యలో ఆ చప్పుడు విని భక్తులు నవ్వేవారు. కూర్మనాథానికి తల కొట్టేసినట్టయ్యేది.

"కళ్లు తెరవకముందే తల్లి సచ్చిపోనాది మాస్టారూ. ఆ బొంతలోనే పెట్టి పెంచినాను," అంది వంట చేసే సన్యాసమ్మ.

"అప్పుడంటే పిల్ల. ఇప్పుడేం రోగం?" అని ఆయన ఆ ముక్కను అటక మీద దాచేశాడు.

దివాను రెండు రోజులు మూలమూలా వెతికింది. మూడోనాటి నుంచి తన కాలే నాక్కోవడం మొదలుపెట్టింది. నాకి నాకి వెంట్రుకలూడి, చర్మం ఎర్రగా పుండులా తేలేసరికి కూర్మనాథానికి భయం వేసింది. అవధానిగారి దగ్గరికి పరుగెత్తాడు.

"స్వామీ, ఒకటి మాన్పిస్తే ఇంకోటి పట్టుకుంది. దీనికి క్రమశిక్షణ నేర్పేదెలా?"

"ముందు దాని వస్తువు దానికిచ్చెయ్యి నాయనా. వారం రోజులు దాన్నేమీ అనకు. అది బొంత అందుకునే ముందు ఏం జరిగిందో మాత్రం చూసి రాసుకునిరా."

రాయడం ఆయనకు ఇష్టమైన పని. హాజరు పట్టీలాగా గీతలు గీసి, వారమంతా కుక్క వెనకే తిరిగాడు. ఎనిమిదో రోజు పొద్దున్నే నోటుపుస్తకంతో వచ్చి నిలబడ్డాడు. అవధానిగారు అరుగు మీద కూర్చుని కరివేపాకు దూస్తున్నారు.

"మొత్తం పంతొమ్మిది సార్లు స్వామీ. ఉరుములకు నాలుగు. ఇసుక లారీ హారనుకు రెండు. సన్యాసమ్మ చేతిలోంచి ఇత్తడి గిన్నె జారినప్పుడు ఒకటి."

"ఏడయ్యాయి. మిగతా పన్నెండు?"

కూర్మనాథం కళ్లజోడు సర్దుకున్నాడు. "పారాయణ వేళ."

"ఎవరి పారాయణ?"

వంటింట్లో సన్యాసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"నాదే," అన్నాడాయన, ఆశ్రమానికి వచ్చాక మొదటిసారి మెల్లగా.

అవధానిగారు కరివేపాకు దూస్తూనే ఉన్నారు. కూర్మనాథం అరుగు అంచున కూలబడ్డాడు. డ్రిల్లు వరసల్లో చొక్కా కాలరు నములుతూ నిలబడే పిల్లలు గుర్తొచ్చారు. కాలరు తడిగా కనబడితే బెత్తం తీసేవాడు. మాన్పించానని స్టాఫు రూములో గొప్పగా చెప్పుకున్నాడు కూడా. ఆ తరవాత వాళ్లు గోళ్లు కొరికేవారు. నెత్తురు వచ్చేదాకా కొరికేవారు. దానికి వేరే శిక్ష ఉండేది. ఆ పూట ఆయన అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు.

మర్నాడు తెల్లవారగానే వసారా చివర కూర్చుని, సహస్రనామం పెదవుల మీదే చదవసాగాడు. అలవాటు ప్రకారం దివాను బొంతముక్కతో వచ్చింది. ఒక చెవి నిక్కించి దూరంగా నిలబడింది. రావలసిన కేక రాలేదు. కాసేపు చూసి, దగ్గరికొచ్చి, ముక్కను ఆయన కాళ్ల పక్కన పడేసి, దాని మీద గడ్డం ఆనించి పడుకుంది. వందో నామం దాటేసరికి గుర్రు కూడా పెట్టింది. దాని తల తన మోకాలికి తగులుతోందని కూర్మనాథం కదల్లేదు. కాలు తిమ్మిరెక్కినా, టిఫిను గంట కొట్టినా కదల్లేదు.

అప్పుడే అవధానిగారు స్నానం చేసి, తడి పంచెతో ఏటి నుంచి వస్తూ కనిపించారు. కూర్మనాథానికి సంతోషం పట్టలేకపోయింది.

"స్వామీ! మానేసింది! చూశారా, మానేసింది!"

ఆ కేకకు చూరు మీది పిచ్చుకలన్నీ లేచిపోయాయి. దివాను ఉలిక్కిపడి లేచి, బొంతముక్కను లాక్కుని మూలకు పోయి, కళ్లు మూసుకుని చప్పరించడం మొదలుపెట్టింది.

కూర్మనాథం రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. తరవాత వేళ్ల సందుల్లోంచి, వినీ వినబడనట్టు అడిగాడు. "ఇంక ఆ బొంతముక్కను ఎప్పుడు తీసెయ్యమంటారు స్వామీ?"

అవధానిగారు తడి పంచె కొస పిండుకుంటూ అన్నారు: "ఉండనీవయ్యా. ఎవరి గొంతు ఎప్పుడు లేస్తుందో ఎవరికి తెలుసు."