పలకని నగారా

ఆ రాజ్యంలో నలభై గుట్టల మీద నలభై నగారాలుండేవి. ఒక గుట్ట మీద మోగిన కబురును పక్క గుట్ట అందుకుని కోటకు చేరవేయాలి. అన్నిటికీ కలిపి ఒకే నియమావళి రాసినవాడు మంత్రి విరూపాక్షయ్య. అందులో రెండు నియమాలు మరీ గట్టివి. కాపరి గుట్ట దిగకూడదు. నగారా చెడిపోతే ఆ సంగతి వెంటనే నగారా కొట్టి తెలపాలి.

వానకు ఒక గుట్ట కాపరి గురవయ్య నగారా తోలు చిరిగింది. మూడో రోజున ఏరు పొంగిన కబురు అతని గుట్ట దగ్గరే ఆగిపోయి, కోట కింది పేట మునిగింది. గురవయ్యను దేశం నుంచి వెళ్లగొట్టాలన్నాడు మంత్రి.

గురవయ్య తల్లి ఓబుళమ్మ కొలువుకు వచ్చింది.

"నగారా చెడిందని నీ కొడుకు ఎందుకు తెలపలేదు?" అన్నాడు మంత్రి.

ఆమె పలకలేదు.

"నిన్నేనే అడుగుతున్నది!"

ఓబుళమ్మ కళ్లు మూసుకుంది. మంత్రి ఆసనం దిగి దగ్గరికొచ్చి, "ఏమైందే నీకు? నోరు పడిపోయిందా?" అన్నాడు.

"ఏం కాలేదు దొరా," అంది ఆమె కళ్లు తెరిచి. "నేను నాలుగు క్షణాలు పలక్కపోతే తమరు లేచొచ్చి చూశారు. నా బిడ్డ గుట్ట మూడు రోజులు పలక్కపోతే ఒక్కరూ లేవలేదేం?"

"చప్పుడు లేకపోతే అంతా క్షేమమే అనుకున్నాం."

"పిల్లల్ని పెంచినవాళ్లు అట్లా అనుకోరు దొరా. వాకిట్లో అల్లరి ఆగితేనే మేము పరిగెత్తేది."

రాజు శిక్ష కొట్టేశాడు. కబురున్నా లేకున్నా ప్రతి గుట్టా జాముకొక దెబ్బ కొట్టాలనీ, అది వినపడకపోతే మంత్రే గుర్రమెక్కి వెళ్లి చూడాలనీ నియమం మార్చాడు.

ఆనాటి నుంచి ఓబుళమ్మ, కొడుకు గుట్ట మీది దెబ్బ చెవిన పడ్డాకే ఎసట్లో బియ్యం పోసేది.