గురవమ్మ చేసిన ఒక్క ప్రమిద

అనగనగా అంటే ఎన్నేళ్ల కిందటో నన్నడగొద్దు, మా అవ్వకే తెలీదు. ఏటి ఒడ్డున అమ్మవారి తిరునాళ్ల. వచ్చిన ఊళ్లన్నీ ప్రమిదలు సమంగా పంచుకుని దీపాలు పెట్టాలి. ఏరు పొంగితే రెండు ఊళ్లే వస్తాయి. ఎండితే పది వస్తాయి. ఎన్నొస్తాయో ఆ రోజుదాకా ఎవరికీ తెలీదు.

అందుకే కుమ్మరి గురవమ్మ ఇంట్లో అత్త కోడలికి చెప్పే లెక్కొకటి ఉండేది. రెండువేల ఐదువందల ఇరవై ప్రమిదలు. రెండు మొదలు పది దాకా ఎన్ని వాటాలేసినా సమంగా వస్తుంది, ఒక్కటీ మిగలదు.

ఒక ఏడాది కాల్చేటప్పుడు కొన్ని పగిలాయి. పంచితే ఒకటి మిగిలింది. ఆ ఒక్కదానికోసం ఊళ్లు ఊళ్లు రాళ్లు రువ్వుకున్నాయి, బుద్ధిలేని జనం! అడ్డం పోయిన గురవమ్మ కొడుకు ఓబులేసు తలకు రాయి తగిలింది. అంతే. ఒక్క ప్రమిదకు ఒక్కగానొక్క కొడుకు పోయాడు.

మరుసటేడాది పంపకం పెద్ద తిమ్మప్ప భయంభయంగా లెక్క మొదలుపెట్టాడు. కొలిచేవాళ్లు మొదటిదాన్ని ఒకటి అనరు కదా, లాభం అంటారు. "లాభం, రెండు, మూడు..." ఎనిమిది ఊళ్లకు ఎనిమిది కుప్పలేశాడు. ఒకటి మిగిలింది!

"లాభం అన్నాక మళ్లా ఒకటి అనింటావు ముసలోడా," అన్నారెవరో.

అంతలో ఏరు దాటి ఇంకో ఊరొచ్చింది. అన్నీ కలిపి తొమ్మిది కుప్పలేశాడు. "లాభం, రెండు, మూడు..." ఒకటి మిగిలింది! ఇంకో ఊరొచ్చింది. పది కుప్పలు. "లాభం, రెండు, మూడు..." ఒకటి మిగిలింది! ఇదేం మాయరా దేవుడా! జనంలో ఒకడు వంగి రాయి తీశాడు.

"ఏం చేసినావమ్మా గురవమ్మా! మళ్లా పీనుగ లేవాల్నా?" అని అరిచాడు తిమ్మప్ప.

గురవమ్మ ముందుకొచ్చింది. ఏడ్వలేదు.

"లెక్క తప్పలేదన్నా. నేనే ఒకటి ఎక్కువ చేసినా. ఎన్ని వాటాలన్నా ఏసుకోండి, అది మిగుల్తాది. అది మీది కాదు. నా ఓబులేసుది."

రాయి తీసినవాడి చేతిలోంచి అది జారిపోయింది. ఆమె ఆ ప్రమిదలో నూనె పోసి ముందుగా వెలిగించింది. ఆ తర్వాతే పది ఊళ్ల దీపాలు.

బతికినన్నాళ్లూ ఆమె అట్లానే చేసింది. ఆమె పోయిన ఏడాది కొత్త కుమ్మరి పాత లెక్కే చేసి తెచ్చాడు. తొమ్మిది ఊళ్లకు పంచారు. ఒక్కటీ మిగల్లేదు. ఖాళీ నేల చూసి తిమ్మప్ప కొయ్యబారిపోయాడు.

"అయ్యో! పిల్లోనిది ఏదిరా?" అని భోరుమన్నాడు.

కుప్పలన్నీ మళ్లీ కలిపించాడు. మొదటిది చేతిలోకి తీసుకుని లాభం అనబోయాడు. నోరు రాలేదు. "గురవమ్మ కొడుకుది," అని పక్కన పెట్టాడు. మిగతావి పంచితే ఒక ఊరికి ఒకటి తగ్గింది. ఆ ఊరివాళ్లు నోరెత్తలేదు.

ఇప్పటికీ ఆ ఏటి పక్క ఊళ్లలో గింజలు కొలిచినా, చేపలు పంచినా, మొదటిదాన్ని లాభం అనరు. "గురవమ్మ కొడుకుది, రెండు, మూడు..." అంటారు.