రెండు గంగాళాలు

ఒక నగరంలో ఇళ్ళు తెల్లగా ఉండేవి, మనుషులూ తెల్లగా ఉండేవాళ్ళు. ఆ నగరపు రాజుకు కొత్త కిరీటం పెట్టుకోవాలనిపించింది. కోట పక్కనే స్వర్ణశాల కట్టించి, అందులో పదిమంది పనివాళ్ళను, వాళ్ళ మీద ఒక అధికారిని పెట్టాడు.

బంగారం మేలిమి చూసేవాడు మాత్రం ఊళ్ళో దొరకలేదు. దూరాన రేగడి నేలల దేశం నుంచి ఒక నల్లని మనిషిని పిలిపించారు. అతని దగ్గర తండ్రి ఇచ్చిన గీటురాయి ఉంది. అదీ నల్లనిదే. దాని మీద బంగారాన్ని ఒక్క గీత గీసి, ఎంత రాగి కలిసిందో చెప్పేసేవాడు. ఏడేళ్ళలో అతని మాట ఒక్కసారీ తప్పలేదు.

ఆ ఏడేళ్ళూ కావలివాడు రోజూ పొద్దున్నే గుమ్మంలో అతన్ని ఆపి, "ఎవరు కావాలి?" అని అడిగేవాడు.

"ఎవరూ అక్కర్లేదు బాబూ. నేనిక్కడే పనిచేస్తాను."

"ఓహో, అలాగా!" అని కావలివాడు ప్రతిరోజూ కొత్తగా ఆశ్చర్యపోయేవాడు.

లోపలివాళ్ళు మర్యాదస్తులు. అతను నోరు విప్పితే చాలు, మన భాష ఎంత చక్కగా మాట్లాడుతున్నావో అని మెచ్చుకునేవాళ్ళు. ఏడో ఏడు కూడా మానలేదు. బంగారం తెచ్చిన వర్తకులు తడిసిన గొడుగులు అతని చేతికిచ్చి, మేలిమి చూసే ఆయన ఎక్కడున్నారని అడిగేవాళ్ళు. అతను గొడుగులు గోడకు ఆనించి వచ్చి, రాయి ముందు కూర్చునేవాడు. అప్పుడు వాళ్ళు బంగారం మూటను కాస్త దగ్గరికి లాక్కునేవాళ్ళు.

బంగారం పనిలో చేతులకు రజను అంటుకుంటుంది. కంటికి సరిగా ఆనని పొడి అది. అందుకని స్వర్ణశాలకు ఒక నియమం ఉంది. సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు అందరూ గంగాళంలో చేతులు కడుక్కోవాలి. ఆ నీళ్ళను గుడ్డలో వడకట్టి, మిగిలిన రజనును మళ్ళీ కరిగించే బంగారంలో కలపాలి.

మొదట్లో ఒకటే గంగాళం ఉండేది. నల్లని మనిషి వచ్చిన వారానికి రెండోది వచ్చింది. ఎందుకని ఎవరూ అడగలేదు. నీళ్ళు వడకట్టేది ఒక్క అవ్వే కాబట్టి, రెండు గంగాళాలంటే ఆమెకు శ్రమ అని అధికారి జాలిపడ్డాడు.

"మావాళ్ళ నీళ్ళు వడకట్టడం ఏం బాగుంటుంది అవ్వా, వాళ్ళంతా తెలిసినవాళ్ళేగా! అవి పెరట్లో మల్లెచెట్టుకు పోసెయ్. అతని నీళ్ళు మాత్రం కాస్త జాగ్రత్తగా చూడు" అన్నాడు.

నల్లని మనిషి చేతులు కడుక్కుంటుంటే అధికారి పక్కన నిలబడేవాడు. ఒకసారి కడిగితే, "ఇంకా ఏదో నల్లగా ఉన్నట్టుందే, మళ్ళీ కడుగు" అనేవాడు. మూడుసార్లయ్యాక పోనీలే అని వదిలేసేవాడు. ఈ చూపులు భరించలేక అతను గంగాళం దగ్గరికి రాకముందే చేతులు దులుపుకుని, గోళ్ళ సందుల్లో పొడి కూడా పుల్లతో తీసి, పళ్ళెంలో వేసి అప్పగించేవాడు. అంత జాగ్రత్త అక్కడ ఇంకెవరికీ అవసరం పడలేదు.

కిరీటం సగానికి వచ్చేసరికి బంగారం తగ్గిందని తేలింది. అధికారి నల్లని మనిషిని పిలిపించి, పీట వేయించి మరీ కూర్చోబెట్టాడు.

"నిన్ను అనుమానిస్తున్నామని అనుకోకు. మా దగ్గర తెలుపూ నలుపూ అనే మాటే లేదు. కానీ ఏడేళ్ళుగా నీ నీళ్ళలో ఒక్క నలుసు కూడా దొరకలేదు. అదే వింతగా ఉంది."

"దొరకలేదంటే నేను తీయలేదనేగా అయ్యా?"

"పని చేసే ప్రతి చేతికీ అంటేది నీ చేతికే ఎందుకు అంటదు? చాలా తెలివైనవాడివి. ఆ మాట మేమెప్పుడూ కాదనలేదు. రేపు సాయంత్రంలోగా బంగారం తెచ్చి పెట్టు. లేకపోతే ఆ రాయి ఇక్కడ పెట్టి వెళ్ళిపోవాల్సి ఉంటుంది."

రాయి పోతే అతనికి పని లేదు. దొంగ అన్న పేరొస్తే ఏ దేశంలోనూ పని లేదు. అతనికి ఏడుపొచ్చింది. దానికన్నా కోపం ఎక్కువ వచ్చింది. కోప్పడితే ఏమంటారో తెలుసు కాబట్టి, నమస్కారం పెట్టి పెరట్లోకి వెళ్ళాడు.

అక్కడ అవ్వ మల్లెచెట్టు పాదు గుల్ల చేస్తోంది.

"మీ నీళ్ళలో ఇన్నాళ్ళూ నేను చూసింది నీళ్ళే బాబూ. అడిగినవాళ్ళందరికీ అదే చెప్పాను" అంది.

"మరి వాళ్ళ నీళ్ళలో ఏముంది అవ్వా?"

"నేనెక్కడ చూశాను? తెచ్చి ఇక్కడ పోయడమేగా!"

అతను పాదు వైపు చూశాడు. చిటికెడు మట్టి తీసి రాయి మీద రుద్దాడు. మట్టి రాలిపోయాక నలుపు మీద సన్నటి పసుపు గీత మిగిలింది. ఆ గీత తనకు బాగా తెలుసు. కిరీటం బంగారమే అది. అతను ఆనందంతో అవ్వ రెండు చేతులూ పట్టుకున్నాడు.

కబురు వెళ్ళింది. రాజు వచ్చాడు. పనివాళ్ళు పాదు తవ్వి మట్టి కడిగితే, తగ్గిన బంగారం దాదాపు అంతా దొరికింది.

"ఏడేళ్ళు వెతకనిచోట నువ్వెలా వెతికావు?" అని రాజు అడిగాడు.

"చేతులు కడిగిన నీళ్ళు ఇక్కడ పోశారు మహారాజా. నా నీళ్ళు కాదు, మిగతా అందరివీ."

"నిజమే మహారాజా, పోసింది నేనే" అంది అవ్వ.

"పాపం ముసలిదానికి ఇతనంటే జాలి" అన్నాడు అధికారి. ఆ తర్వాత నల్లని మనిషి వైపు తిరిగి, నొచ్చుకున్నట్టుగా నవ్వాడు. "ఏం జరిగినా చేతుల దగ్గరికే తెస్తావు. నీకదొక పట్టింపు అయిపోయింది. సరే, రాజుగారి ఎదుటే చేతులు కడుగు. నిజం తేలిపోతుంది."

అతను కడిగాడు. సంతోషంలో ఆ రోజు గోళ్ళు శుభ్రం చేసుకోవడం మర్చిపోయాడు. పాదులోని మట్టి వాటిలోనే ఉంది. అవ్వ నీళ్ళు వడకట్టింది. గుడ్డ మీద నాలుగు పసుపు నలుసులు మెరిశాయి.

అధికారి ముఖం వికసించింది. "ఏడేళ్ళు ఓపిగ్గా వడకట్టాం మహారాజా. మన పద్ధతి ఎంత మంచిదో ఈ రోజు తెలిసింది. బంగారం ఎక్కడుందో దాచినవాడికి కాక ఇంకెవరికి తెలుస్తుంది?"

నల్లని మనిషి గుడ్డ వైపు చూశాడు. తర్వాత రాజు వైపు తిరిగాడు.

"మహారాజా, ఒక్కటే కోరతాను. ఇప్పుడు వీళ్ళందరూ మట్టి తవ్వారు. వీళ్ళ గంగాళం కూడా ఈ ఒక్క పూట వడకట్టించండి."

పనివాళ్ళ ముఖాలు ఎర్రబడ్డాయి. ఒకాయనకు కళ్ళనీళ్ళే వచ్చాయి. ఏడేళ్ళు కలిసి పనిచేసి, అతని భాషను అంత మెచ్చుకుని, చివరికి ఇలాంటి మాట పడాల్సి వచ్చిందని వాళ్ళు నిజంగానే బాధపడ్డారు.

"దొంగతనమైనా క్షమించేవాణ్ణి. మనుషుల్ని చూసి అనుమానించే బుద్ధి మా రాజ్యంలో పనికిరాదు" అన్నాడు రాజు.

గీటురాయి తీసుకుని అతన్ని పంపించేశారు. గుమ్మం దగ్గర కావలివాడు, "ఎవరు కావాలి?" అని అడగలేదు. తలుపు మాత్రం వెంటనే వేశాడు.

పనివాళ్ళు తమ గంగాళంలో చేతులు కడుక్కున్నారు. వడకట్టాల్సిన చేతులు ఇక లేవు కాబట్టి రెండో గంగాళం బోర్లించేశారు. అవ్వ నోరు తెరవబోయి, అధికారి ముఖం చూసి మూసుకుంది. ఆ నీళ్ళు తీసుకెళ్ళి మల్లెచెట్టుకు పోసింది.

నెల తిరిగేసరికి బంగారం మళ్ళీ తగ్గింది. అందరూ అధికారి చుట్టూ చేరారు. ఆయన చాలాసేపు గడ్డం నిమురుకుంటూ ఆలోచించాడు.

"ఎంత గట్టివాడో చూశారా!" అన్నాడు చివరికి. "ఊరు దాటించినా తీయడం మానలేదు."

అందరూ అవునవునని తలూపి, చేతులు కడుక్కోవడానికి లేచారు.