గండి కింద నక్క

అడవిలో శాఖలేమిటి అని అడక్కండి. చెట్లకున్నప్పుడు జంతువులకు ఉంటే తప్పేమిటి? ఈతమాను వాగు దగ్గర ఒక వేసవిలో శాఖలు పుట్టాయి. పుట్టించింది నక్క.

ఆ వాగుకు ఒక మట్టికట్ట ఉంది. కట్టకు అవతల నీళ్ళు, ఇవతల పల్లం. పల్లం నిండా కుందేళ్ళ బొరియలు. ఏటా ఎండలకు వాగు అడుగంటి, కట్ట నెర్రెలిచ్చి ఎక్కడో ఒకచోట కూలి గండి పడేది. వానలకు ముందు అందరూ కలిసి దాన్ని పూడ్చేవాళ్ళు. దానికో పద్ధతంటూ ఏమీ లేదు. ముసలి ఎద్దు గండి దగ్గర నిలబడి, "నువ్వు తవ్వు, నువ్వు మొయ్యి, ఇక్కడ పొయ్యి" అనేది. అన్నట్టే చేసేవాళ్ళు. రెండు రోజుల్లో పని అయిపోయేది.

ఇంకో సంగతి. పల్లంలో ఎవరూ వేటాడకూడదని ఏనుగు దొర ఎప్పుడో కట్టడి చేసింది. కట్ట మీదికి వస్తే మాత్రం ఎవరి కాళ్ళు వాళ్ళను కాపాడాలి.

ఆ ఏడు గండి పడగానే నక్క కొండెక్కి ఏనుగు ముందు నిలబడింది.

"దొరా, ఇంత పని ఒక ఎద్దు నోటిమాట మీద నడవడం మన అడవికి మర్యాదగా లేదు."

"ఏం చేద్దామంటావు?"

"తవ్వేవాళ్ళు ఒక శాఖ, మోసేవాళ్ళు ఒక శాఖ, తొక్కేవాళ్ళు ఒక శాఖ. ఒక శాఖ ఇంకో శాఖకు పని చెప్పకూడదు. ఏదున్నా నాకు చెప్పాలి. నేను అవతలివాళ్ళకు చెబుతాను."

"నీకెందుకయ్యా అంత శ్రమ?"

"అడవి బాగు కోసం దొరా."

మర్యాద అన్న మాట ఏనుగుకు నచ్చింది. సరేనంది. తవ్వకం శాఖకు పంది పెద్ద, మోత శాఖకు గాడిద పెద్ద, తొక్కుడు శాఖకు ఎద్దు పెద్ద. ముగ్గురూ నక్క కింద. ఆ రోజు నుంచి నక్క కనబడిన ప్రతివాళ్ళనీ ఒకటే అడిగేది: "నీ కింద ఎంతమంది?" పంది పన్నెండు అంది. గాడిద తొమ్మిది అంది. అంతకు ముందు వాళ్ళ కింద గడ్డి తప్ప ఏమీ ఉండేది కాదు. ఇద్దరి నడకా మారింది.

పని మొదలైంది. పంది తన శాఖతో నలభై గోతులు తవ్వింది. నేల ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడ తవ్వింది, గండికి అరకోసు దూరంలో.

"మట్టి ఇక్కడ కదా కావాలి?" అంది ఎద్దు.

"మామా, మాది తవ్వకం. నలభై అయ్యాయి. కావాలంటే లెక్కపెట్టుకో."

గాడిద మట్టి మోసింది. మోసి, తన శాఖ మేసే తుమ్మచెట్ల నీడలో కుప్ప పోసింది.

"గండిలో పొయ్యొచ్చు కదా అల్లుడూ?"

"పొయ్యడం మోత కిందికి రాదు మామా. నక్క బావను అడిగాను. ఆలోచించి చెబుతానన్నాడు."

ఎద్దుకు మాత్రం కబురు వేళకే వచ్చింది: తొక్కండి. మట్టి ఇంకా రాలేదని ఎద్దు అంటే, మట్టి సంగతి మోత శాఖది, మీది తొక్కుడు అని జవాబు. ఎద్దు పుట్టిన దగ్గర్నుంచీ చెప్పిన పని చేసిన జీవి. మూడు రోజులు తన శాఖతో ఉత్త గండిని తొక్కింది. గండి ఇంకో మూరెడు లోతైంది.

నాలుగో రోజు కుందేలు పల్లంలోంచి వచ్చి ఎద్దు ముందు కూర్చుంది. దానికి ఏడుగురు పిల్లలు, ఇంకా కళ్ళు తెరిచి వారం కాలేదు.

"మామా, ఇంకా లోతు చేస్తావా?"

ఎద్దు సిగ్గుపడి కాలు వెనక్కి తీసుకుంది. "నా తప్పే తల్లీ. మృగశిర కార్తెకు ఇంకా నాలుగు రోజులుంది. అడుగుతూనే ఉన్నాను. నక్క దేనికీ కాదనడం లేదు."

"ఎందుకంటాడు? రోజూ సాయంత్రం కట్ట మీద చోటు చదును చేసుకుని కూర్చుంటున్నాడు. నీళ్ళొస్తే మేము ఏ దారిన పైకి వస్తామని నన్నే అడిగాడు. పిల్లల పేర్లు కూడా అడిగాడు మామా. నాకు భయంగా ఉంది."

ఎద్దు నెమరు ఆపేసింది. కోపం రావడం దానికి అలవాటు లేదు, అందుకని వచ్చిందని తెలియడానికి కాస్త సమయం పట్టింది. ఏనుగు దగ్గరికి వెళ్దామా అంటే నక్క ద్వారానే వెళ్ళాలని నక్కే పెట్టిన పద్ధతి. సరే, నక్క ద్వారానే వెళ్దామనుకుంది.

"నక్క బావా, ఒక సందేహం," అంది కట్ట ఎక్కి. "మా శాఖలన్నీ నీ కింద ఉన్నాయి. మరి గండి ఎవరి కింద ఉంది?"

"అంటే?"

"తవ్వకం కింద లేదు. మోత కింద లేదు. నా కిందా లేదు. నీ కింద ఉందేమో అనుకున్నా. లేదట."

"ఎవరన్నారు లేదని?"

"ఉందని దొర చెప్పగా విన్నవాళ్ళు లేరు మరి."

ఆ రాత్రి నక్కకు తిండి సయించలేదు. తెల్లారేసరికి కొండ మీద ఉంది.

"దొరా, గండిని నా కింద పెట్టండి."

ఏనుగు చాలాసేపు ఆలోచించింది. అది మాటను మాటగానే తీసుకునే జీవి. "గండి కట్ట మీద ఉంది. దాన్ని నీ కింద పెట్టాలంటే కట్ట తవ్వాలి. అంతకంటే నువ్వు గండి కిందికి వెళ్ళడం సులువు."

"నా ఉద్దేశం అది కాదు దొరా..."

"బాధ్యత అడిగావు, ఇచ్చాను. గండి పూడేదాకా అక్కడే కాపురం ఉండు."

ఏనుగు స్వయంగా దిగి వచ్చి, నక్క పెళ్ళాన్నీ ముగ్గురు పిల్లల్నీ తొండంతో జాగ్రత్తగా తెచ్చి గండికి సరిగ్గా కింద, కుందేళ్ళ పక్క బొరియలో దించింది. పాత బొరియ మీద బండరాయి పెట్టింది. మర్యాదగా తలూపి వెళ్ళిపోయింది.

అప్పుడు పడమట ఉరిమింది. కార్తె కోసం మబ్బులు ఆగలేదు. నక్క పైకి చూసింది. కింద నుంచి చూస్తే గండి చాలా పెద్దగా కనిపించింది. అందులోంచి ఆకాశం కనిపిస్తోంది. నక్క పెళ్ళాం చిన్నపిల్లను నోట కరుచుకుని, "మట్టి ఏదయ్యా?" అంది.

నక్క పరిగెత్తింది.

"పందీ, ఆ గోతులొదిలెయ్. కట్ట పక్కన తవ్వు."

"అక్కడ నేల గట్టి బావా. తవ్వకం శాఖ..."

"శాఖ అని ఎవడన్నాడు? తవ్వు. గాడిదా, నీడలో కుప్ప ఎందుకు పోశావు? గండిలో పొయ్యి."

"పొయ్యడం మోత కిందికి రాదని నువ్వే..."

"వస్తుంది. ఇవాళ నుంచి అన్నీ వస్తాయి. ఎద్దు మామా, ఎవరు ఎక్కడ నిలబడాలో నువ్వే చెప్పు. నాక్కూడా చెప్పు."

"అలాగే," అంది ఎద్దు. "నువ్వు తోకతో మట్టి సర్దు."

నక్క సర్దింది. కుందేలు కూడా వచ్చి గుప్పెడు గుప్పెడు తెచ్చి పోసింది. పొద్దు వాలేసరికి గండి పూడింది. ఎద్దు దాన్ని తొక్కింది, ఈసారి మట్టి మీద. ఆ వెంటనే వాన అందుకుంది. వాగు కట్ట అంచుదాకా లేచి, రెండు రోజులు అక్కడే నిలబడి, ఏమీ చేయలేక తగ్గిపోయింది.

మూడో రోజు కుందేలు ఏడుగురు పిల్లల్నీ ఎండలోకి తెచ్చింది. పక్క బొరియ ముందు నక్క కూర్చుని ఉంది. తోకకు మట్టి ఎండి అట్ట కట్టింది. ఏడుగురి పేర్లూ దానికి వచ్చు. పల్లంలో వేట లేదు.

"బావా," అంది కుందేలు, "ఇప్పుడు నీ కింద ఎంతమంది?"

నక్క తన కిందికి చూసుకుంది.

"నేల ఉంది," అంది. "పొడిగానే ఉంది."

నీతి: పని చెడితే ఎవరి ఇల్లు మునుగుతుందో, ఆ పనికి వాళ్ళనే పెద్దను చెయ్యాలి.