చుక్కికి ఒక్క పూట పస్తు

గుమ్మిడిపేట మూడు రోడ్ల కూడలిలో ఇడ్లీ బండి పెట్టుకున్న పైడమ్మకు ఆకలి మొహం కనిపిస్తే చెయ్యి ఆగేది కాదు. గుణం మంచిదే. కానీ జ్వరమొచ్చి డాక్టరు లంఖణం చెయ్యమన్న మొగుడికి కూడా చాటుగా గారెలు పెట్టి, ఇంకో వారం మంచాన పడుకోబెట్టిన ఘనత ఆవిడది.

ఆవిడ బండి కింద చుక్కి అనే ఆడకుక్క ఉండేది. రెండేళ్లలో మూడుసార్లు పిల్లల్ని పెట్టింది. వాటిలో కొన్ని లారీల కింద పోయాయి. మిగిలినవాటిని ఊరి పెద్దలు గోనెసంచిలో వేసి పక్క ఊరి పొలిమేరలో వదిలి వచ్చారు. పక్క ఊరివాళ్లు కూడా మన ఊరికి అదే మర్యాద చేస్తుంటారు కాబట్టి ఎవరూ ఎవరినీ ఏమీ అనుకోలేదు.

మూడో కాన్పులో చుక్కి చావు తప్పించుకుంది. "మళ్లీ కడుపైతే ఇది బతకదు" అని పశువుల డాక్టరు హైమవతి తేల్చి చెప్పింది. పట్నం తీసుకెళ్లి ఆపరేషన్ చేయించే స్తోమత పైడమ్మకు లేదు. నెలలు గడిచేకొద్దీ ఆవిడకు దిగులు పట్టుకుంది.

అప్పుడు కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఉచితంగా ఆపరేషన్లు చేసే శిబిరం గుమ్మిడిపేట పశువుల ఆసుపత్రికి వచ్చింది. ఉండేది ఒక్క రోజే. మళ్లీ వచ్చేది ఆరు నెలల తర్వాత.

ముందురోజే డాక్టరమ్మ పైడమ్మను పిలిచి చెప్పింది. "రాత్రి ఎనిమిది దాటాక చుక్కికి ఏమీ పెట్టకండి. కడుపులో తిండి ఉండగా మత్తిస్తే, కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రాణానికే ముప్పు."

"అలాగేనమ్మా, మెతుకు ముట్టనివ్వను" అంది పైడమ్మ.

తెల్లవారింది. ఇడ్లీ పాత్ర మూత తీయగానే చుక్కి వచ్చి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుంది. అరవలేదు. ఊరికే చూసింది. పైడమ్మ అటు తిరిగింది. చుక్కి కూడా అటే వచ్చి కూర్చుంది. ఇలా ఇద్దరూ బండి చుట్టూ నాలుగుసార్లు తిరిగాక, పైడమ్మ చేతిలోని ఒక ఇడ్లీ మాయమైంది.

తొమ్మిదింటికి చుక్కిని తీసుకుని ఆసుపత్రికి బయలుదేరింది. వీధివాళ్లు కూడా తోడు వెళ్లారు. గ్రామసభకు పిలిచినా కదలని జనం, కుక్క ఆపరేషన్ అంటే కదిలారు.

"ఏమైనా పెట్టారా?" అని గుమ్మంలో కాంపౌండర్ అడిగాడు.

"అబ్బే, లేదు బాబూ" అంది పైడమ్మ. పద్నాలుగో నంబరు ఇచ్చారు.

అప్పటినుంచి ఆవిడ కూర్చోలేకపోయింది. బెంచీ మీద కూర్చునేది, లేచేది. కిటికీలోంచి లోపలికి తొంగి చూసేది. పది అన్నారు. కొంగు మెలిపెట్టింది. పన్నెండు అన్నారు. మంచినీళ్లు తాగబోయి, చుక్కికి లేవని గుర్తొచ్చి గ్లాసు పెట్టేసింది.

"ఒక్క ఇడ్లీ తిండి కిందికి వస్తుందా?" అని తనలో తను గొణుక్కుంది. జవాబు ఆవిడకు తెలుసు.

పద్నాలుగు అన్నారు. చుక్కిని బల్ల మీద పడుకోబెట్టారు. కాంపౌండర్ సూది ఎత్తాడు.

"ఆగు బాబూ" అంది పైడమ్మ. "నేను అబద్ధం చెప్పాను. పొద్దున ఒక ఇడ్లీ పెట్టాను. చట్నీ వెయ్యలేదు."

డాక్టరమ్మ చెయ్యి అడ్డుపెట్టి సూదిని దించింది. తలుపు దగ్గర గుంపుగా నిలబడ్డవాళ్లవైపు చూసింది. "ఇంకెవరైనా పెట్టారా?"

దారి పొడవునా ఉపవాసం వల్ల లాభాలు వివరిస్తూ వచ్చిన సూరప్పడు మాస్టారు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "రెండు బిస్కెట్లు. తేలిగ్గా అరిగేవే."

"నేను అరటిపండు పెట్టానమ్మా" అంది శనివారం శనివారం ఉపవాసముండే కన్నమ్మ. "ఉపవాసంలో పండు తినొచ్చు కదా."

వార్డు మెంబరు గౌరునాయుడు పైకప్పు వైపు చూస్తున్నాడు.

"మీరేం పెట్టారు నాయుడుగారూ?"

"కోడి కాలు."

"ఎప్పుడు?"

"ఇందాకే, గేటు దగ్గర. పాపం, భయపడుతోందని."

డాక్టరమ్మ చుక్కిని బల్ల మీంచి దించింది. తర్వాత పైడమ్మతో అంది. "మీరు నోరు విప్పకపోతే ఈపాటికి దీన్ని మనమే చంపేవాళ్లం. ఈ రోజు కుదరదు. రేపు చీమలవలసలో శిబిరం ఉంది. ఆఖరి నంబరుగా రాయిస్తాను. రేపు కూడా తిని వస్తే ఇక ఆరు నెలలే. అంతవరకు ఇది కడుపు కాకుండా ఆగదు."

ఆ సాయంత్రం పైడమ్మ పిండి రుబ్బలేదు. చుక్కిని ఇంట్లో కట్టేసి, గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. పదకొండేళ్లలో మొదటిసారి మర్నాడు బండి తెరవలేదు. వీధివాళ్లు గిన్నెలు పట్టుకుని వచ్చారు.

"టిఫిను ఏది పిన్నీ?"

"చుక్కికి లేదు. మీకూ లేదు."

"మేమేం చేశాం?" అన్నాడు గౌరునాయుడు.

పైడమ్మ అతనికేసి చూసింది. అతను గిన్నె తీసుకుని వెళ్లిపోయాడు. ఆ పూట వీధంతా పస్తు ఉంది. మాస్టారు కూడా ఉపవాసం గురించి ఏమీ వివరించలేదు.

చీమలవలసలో ఆఖరి నంబరు పిలిచేసరికి మధ్యాహ్నం మూడైంది. "ఏమైనా పెట్టారా?" అని అడిగారు. "లేదు" అని ఈసారి పైడమ్మ తల ఎత్తి చెప్పింది. తలుపు మూశారు. ఆవిడ వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూనే ఉంది.

"కూర్చో తల్లీ, గచ్చు అరిగిపోతుంది" అన్నాడు కాంపౌండర్.

చివరికి తలుపు తెరుచుకుంది. చుక్కి బతికే ఉంది. ఆపరేషన్ అయిన గుర్తుగా ఎడమ చెవి కొస కాస్త కత్తిరించారు. మత్తులో తోక మాత్రం ఒకసారి కదిలింది.

"తిండి ఎప్పుడు పెట్టొచ్చమ్మా?" అని అడిగింది పైడమ్మ.

"బాగా తెలివి వచ్చాక, చీకటి పడే వేళకు. కొంచెమే."

"కొంచెమంటే నాకు తెలీదు. చూపించండి" అని అరచెయ్యి చాపింది.

డాక్టరమ్మ ఆ అరచేతిలో వేలితో చిన్న గుండ్రం గీసింది. దీపాలు పెట్టే వేళ పైడమ్మ సరిగ్గా అంతే పెట్టింది. చుక్కి ఇంకా కావాలని చూసింది. ఆవిడ చేతులు రెండూ కొంగులో చుట్టుకుని కూర్చుంది.

పిల్లలూ, పెట్టే చెయ్యి మంచిదే, పెట్టకూడని వేళ ఆగే చెయ్యి అంతకన్నా మంచిది. ఆగలేక తప్పు చేస్తే, దాన్ని దాచకుండా చెప్పే నోరే ప్రాణం నిలబెడుతుంది.