జోడు విస్తళ్ల వ్రత కథ

అక్షతలు చేతబట్టి, ఆకలిగొన్న పిల్లలకు ముందుగా ఇంత పెట్టి, ఆ పిమ్మట ఈ కథ వినవలెను.

పూర్వము ఒక తపోవనమున శాలంకాయన మహర్షి మౌంజాయన మహర్షిని జూచి యిట్లడిగెను. “మహాత్మా! ఆకలి లేకయే తినువారిని, తినుచు కన్నీరు పెట్టుకొనువారిని చూచితిని. లోకులు వారిని తిండిపోతులని నవ్వుచున్నారు. వారు తరించు దారి యేది?” అందుకు మౌంజాయనుడు, ముందు ఆ నవ్వినవారికి బుద్ధి చెప్పవలెనని పలికి, అన్నపూర్ణాదేవి ఉపదేశించిన జోడు విస్తళ్ల వ్రతమును ఇట్లు చెప్పెను.

పూలగడ్డ యను అగ్రహారమున యజ్ఞేశ్వర సోమయాజి, అతని యిల్లాలు వెంగమాంబ కాపురముండిరి. సోమయాజి అక్క సూరాంబ చిన్ననాడే భర్తను గోల్పోయి తమ్ముని యింటనే యుండెను. వెంగమాంబకు ఇద్దరు కూతుండ్రు. పెద్దది ఏడవయేట విషజ్వరముతో పోయెను. ఆనాడు బిడ్డకని కలిపిన పెరుగన్నము గిన్నెలో అట్లే మిగిలెను. పారవేయుటకు చేతులు రాక, వెంగమాంబ గోడవైపు తిరిగి నిలుచుండియే దానిని తినెను. తినుచున్నంతసేపు దుఃఖము తెలియలేదు. ఎవరి యెదుటను ఆమె ఏడువలేదు. నాటినుండి దుఃఖము కదిలినప్పుడెల్ల ఆమె కాళ్లు కొట్టుగదివైపు నడిచెను.

మధ్యాహ్నము అందరు కునుకు తీయువేళ బెల్లపు ముక్కలు, నేతిగిన్నె, అప్పాల కుండ, ఏది దొరికిన అది నిలుచుండియే తినెను. కడుపు చాలునన్నను చేయి వినలేదు. పిదప సిగ్గుపడి, దేహమును శిక్షింపదలచి ఉపవాసములు పట్టెను. సోమవారమొకటి, శనివారమొకటి, ఏకాదశి సరేసరి. ఆహా యేమి నిష్ఠయని ఊరివారు పొగడిరి. పాపము, వారికేమి తెలియును? ఏకాదశినాడు పచ్చిగంగ ముట్టని యిల్లాలు ద్వాదశినాడు కుండ అడుగు గీకెను. తినినందుకు మాడ్చెను, మాడ్చినందున మరింత తినెను.

ఇట్లుండగా చిన్నకూతురు కనకవల్లి అయిదవ నెల చూలాలై పుట్టింటికి వచ్చెను. కడుపు చలువకై తల్లి చూలాలి ఒడిలో చలిమిడి పెట్టుట ఆచారము గదా. సూరాంబ తడిబియ్యము దంచి, బెల్లపుపాకము పట్టి, ఇత్తడి పళ్లెము నిండ చలిమిడి చేసి కొట్టుగదిలో ఉంచెను. కనకవల్లిని చూచి, పెద్దదానివలె ఇదియు చేజారునేమో యని వెంగమాంబ గుండె జారెను. కొట్టుగదికి పోయి ఒక్క ముద్ద తినెను. కొంతసేపటికి పళ్లెము ఖాళీ ఆయెను.

ముత్తైదువలు పేరంటమునకు వచ్చి కూర్చుండిరి. చలిమిడి లేదు. ఒంటిపూట భోజనము చేయు విధవకు నాలుక ఆగదని సూరాంబ వంక చూచి ఎవరో గొణిగిరి. సోమయాజి అక్కను నిలదీసెను. వెంగమాంబ నోరు మెదపలేదు. సూరాంబ ఆనాడే చీరలు మూటగట్టుకొని పొరుగూర పినతల్లి కూతురి యింటికి పోయెను.

పిమ్మట ఆ యింట పాడియావు పాలివ్వదాయెను. పొయ్యి సరిగా రాజదాయెను. ఒడి నిండని కనకవల్లి అన్నము సహింపక చిక్కి శల్యమాయెను. అది చూచి వెంగమాంబ ఇంకను తినెను.

ఒకనాటి మధ్యాహ్నము ముదుసలి ముత్తైదువ యొకతె వాకిట నిలిచి అన్నమడిగెను. వెంగమాంబ వడ్డింపగా ఆమె ముద్ద ముట్టక, “నువ్వూ కూచోవే తల్లీ. నిలబడి తిన్నన్నాళ్లూ నీ ఆకలేదో నీకే తెలియకుండా పోయింది” అనెను. ఆ మాటకు వెంగమాంబ భోరున ఏడ్చెను. అంతట ముదుసలి వ్రతవిధానము చెప్పెను. చేతికి తోరము కట్టుకొని, నలువది దినములు పూటపూటకు రెండు విస్తళ్లు వేసి, తన నిజము తెలిసినవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని వేళకు తినవలెను. ఉపవాసము కూడదు. ఆకలి లేకయే చేయి తిండిమీదికి పోయినప్పుడు, మనసు నొచ్చినదెక్కడో ముందు ఆ తోడుకు చెప్పవలెను. నియమము జారినను తోరము తెంపరాదు. ఇట్లు చెప్పి ఆమె అంతర్ధానమయ్యెను.

వెంగమాంబ తోరము కట్టుకొని భర్త ప్రక్కన విస్తరి వేసికొనెను. కాని అతనికి నిజము చెప్పలేదు. నాలుగవనాడు బెల్లపు కుండ ఖాళీ చేసెను, అయిదవనాడు కడుపు మాడ్చుకొనెను, ఆరవనాడు మరల కొట్టుగదిలోనే తేలెను. నిజము చెప్పదగిన మనిషి ఒక్కతెయే యని, ఆమెను తానే వెళ్లగొట్టితినని అప్పుడు తెలిసికొని, నొప్పి మోకాళ్లతో పొరుగూరికి నడిచిపోయెను.

“వదినా, ఆ చలిమిడి నేనే తిన్నాను. ఆకలేసి కాదు. ఎందుకో నాకే తెలీదు.”

సూరాంబ చేతిలోని చేట క్రింద పెట్టెను. “అప్పాల కుండ ఖాళీ అయినప్పుడల్లా మళ్లీ నింపిందెవరనుకున్నావే? నాకన్నీ తెలుసు. తిన్నందుకు కాదు నా బాధ. నన్ను దొంగని చేస్తుంటే చూస్తూ కూచున్నావు, అందుకు.” మరల చేట అందుకొని, “నాదీ తప్పే. నింపానే గాని, ఏమైందని ఒక్కనాడూ అడగలేదు” అనెను.

వెంగమాంబ తిరిగివచ్చి భర్తయెదుట, ఆనాటి పేరంటాండ్రయెదుట నిజము చెప్పెను. కొందరు నవ్విరి. సోమయాజి తలవంచుకొని పోయి, అక్క కాళ్లకు మ్రొక్కి తోడ్కొని వచ్చెను. నాటినుండి రెండు విస్తళ్లు ప్రక్కప్రక్కన పడెను.

పందొమ్మిదవనాడు పోయిన బిడ్డ పుట్టినరోజు. ఉదయమే వెంగమాంబ పళ్లెడు అరిసెలు తిని, వ్రతము చెడెనని తోరము తెంపబోయెను. సూరాంబ ఆమె చేయి పట్టుకొని, “పొద్దుటిది పొద్దున్నే పోయింది. అన్నం వేళైంది, రా” అని పీట వేసెను. ఆ పీటమీద కూర్చుండి వెంగమాంబ, పదునైదేండ్లకు, గౌరాంబ యని బిడ్డ పేరు పైకి పలికెను. పెరుగన్నము సంగతి చెప్పెను. ఇద్దరును ఏడ్చిరి. కూరలు చల్లారెను. చల్లారిన కూరలతోనే తినిరి.

నలువదియవనాడు వెంగమాంబ తన చేతులతో చలిమిడి చేసి కూతురి ఒడి నింపెను. పళ్లెమున ఒక ముద్ద మిగిలెను. ఆమె చేయి దానివైపు పోయెను. “వదినా, ఇలా వచ్చి కూచో” అని పిలిచి, సగము సూరాంబకు పెట్టి సగము తాను తినెను. ఎన్నియో యేండ్లకు తీపి తీపిగా తెలిసెను. ఆవు చేపెను, పొయ్యి రాజెను, నెలలు నిండి కనకవల్లి సుఖముగ ప్రసవించెను.

కావున ఏడువలేక తినువారు, తిని మాడువారు, చాటున తిని సిగ్గుపడువారు ఈ వ్రతము చేయవలెను. వారిని చూచి నవ్వినవారు రెండుమార్లు చేయవలెను. తోడుండదలచినవారు చాటుగా కుండ నింపుట మాని ప్రక్కన విస్తరి వేయవలెను. చేసినవారికి ఆకలి ఆకలిగాను, దుఃఖము దుఃఖముగాను తెలియును. ఇల్లు నిండును, దూరమైనవారు దరిచేరుదురు. ముద్ద తప్పినను, దినము తప్పినను, పీట తప్పరాదు. అక్షతలు తలపై వేసికొని, ప్రక్కవారిని పిలిచి, అన్నమునకు కూర్చుండుడు.